ఏడో గుంటకు సాక్షి

సెప్టెంబరు 5, శుక్రవారం

పొద్దున్నే మా ఊరు మంక్టన్ నుంచి బయల్దేరాం. వెనక ట్రైలర్, ముందు ట్రక్కు, ట్రక్కులో డేల్, డేల్ నోట్లో పొద్దుతిరుగుడు గింజలు. తొక్కలు పాత కాఫీ గ్లాసులోకి ఉమ్ముతాడు. ఆ గ్లాసు నా మోకాలి పక్కనే ఉంటుంది. మలుపు వచ్చినప్పుడల్లా లోపల ఉన్నది కదులుతుంది. చూడకూడదు అనుకుంటూనే చూస్తాను.

ముప్పై ఐదేళ్ళ కాపురం తర్వాత గింజల తొక్కల గురించి రాసుకునే స్థితికి వచ్చాను. మార్చిలో ఈ మనిషి రిటైరయ్యాడు. అప్పటినుంచి రోజంతా ఇంట్లోనే. ఫోన్లో చెల్లెలితో రెండు మాటలు చెప్పుకుందామంటే పక్క గదిలోంచి "నా గురించేనా?" అని వినిపిస్తుంది. అందుకే ఈ డైరీ. ఇది ఎదురు మాట్లాడదు, గింజలు నమలదు.

పెళ్ళిరోజు ప్రయాణం అని పేరు. అసలు సంగతి గోల్ఫు. కెనడా తూర్పు కొసన కేప్ బ్రెటన్ దీవి, దాని చుట్టూ కొండదారి, ఆ దారిలో సముద్రం పక్కన కోర్సు. ఎవరైనా వెళ్ళి ఆడుకోవచ్చు. గోడ క్యాలెండర్లలో ఆగస్టు నెలకి వేసే బొమ్మ అదే. డేల్ పదేళ్ళుగా కలవరిస్తున్నాడు. నాకూ ఇష్టమే. బాగా ఆడలేను గానీ, బంతి పోగొట్టుకుని కొండల వంక చూస్తూ నడవడం బాగా వచ్చు.

ఇరవయ్యేళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపిన నన్ను పక్కన కూర్చోబెట్టి ఈయన బ్రేకులు కాలుస్తూ నడుపుతున్నాడు. పిల్లల ప్రాణాలు నా చేతిలో పెట్టారు ఊరివాళ్ళు. ఇతను మాత్రం తన తాళంచెవి పెట్టడు.

సెప్టెంబరు 7, ఆదివారం

క్యాంపు. వాన లేదు. నల్లదోమలు ఉన్నాయి.

సాయంత్రమంతా డేల్ ట్రైలర్ ముందు గోల్ఫు కర్ర ఊపుతూనే ఉన్నాడు. గడ్డి పెళ్ళలు లేచి నా టీలో పడ్డాయి. మళ్ళీ అదే గోల. మా ఊళ్ళో గురువారం జట్టులో అందరికీ ఒక్కో హోల్-ఇన్-వన్ ఉంది, ఇతనికి లేదు. అంటే మొదటి దెబ్బకే బంతి తిన్నగా గుంటలో పడటం. చివరికి మర్రేకి కూడా ఉంది. మర్రే కర్ర పట్టుకునేది చీపురు పట్టుకున్నట్టే. వాడు కళ్ళు మూసుకుని కొడితే బంతి చెట్టుకి తగిలి, రాయికి తగిలి, వెళ్ళి గుంటలో కూర్చుంది. వాడి పేరు క్లబ్బు గోడ మీద ఎక్కింది. డేల్ ఆ గోడ పక్కనే కూర్చుని బీరు తాగాలి.

"అదృష్టం, అంతే," అంటాడు. ఒక్కసారి అంటే నమ్మేదాన్ని. ఈ సాయంత్రం నాలుగుసార్లు అన్నాడు.

సెప్టెంబరు 9, మంగళవారం

డేల్‌కి హోల్-ఇన్-వన్ పడింది. ఏడో గుంట. సాక్షిగా నేను సంతకం పెట్టాను. అలసటగా ఉంది.

సెప్టెంబరు 10, బుధవారం

వాన. ట్రైలర్‌లో ఇద్దరం. డేల్ ఫోన్ పట్టుకుని గురువారం జట్టులో ఒక్కొక్కడికీ చెబుతున్నాడు. నేను అతనికి వీపు తిప్పి రాస్తున్నాను. నిన్న రాసింది మళ్ళీ చదివాను. అందులో మొదటి వాక్యం తప్ప మిగతా మూడూ నిజమే. సరిగ్గా రాస్తాను.

మేమిద్దరమే వెళ్ళాం. ఇలాంటి కోర్సుల్లో ఇద్దరొస్తే ఇంకెవరినో జత చేసి పంపుతారు. మాకు జత చేసింది అలెక్ రాంకిన్ అనే ఆయన్ని. ఎనభై దాటిన మనిషి, ఆ ఊరివాడే, రొయ్యల పడవ నడిపి మానేశాడు. ప్రతి మంగళవారం ఆడతాడు. కంటి మధ్య చూపు పోయింది, అంచుల్లో కొంచెం మిగిలింది. "నేరుగా చూస్తే నువ్వు లేవు అమ్మాయ్. పక్కకి చూస్తే నీ చెవి ఉంది," అన్నాడు నాతో. అందుకే పసుపుపచ్చ బంతి. దగ్గరికి వెళ్తే ఆ రంగు మసగ్గా తెలుస్తుందట. ఇన్నాళ్ళూ తనతో ఆడే స్నేహితుడొకడు చూసి చెప్పేవాడు. ఆ స్నేహితుడు ఈ వేసవిలో మంచం పట్టాడు.

"కొట్టడం ఇంకా బాగానే ఉంది నాకు. ఎక్కడ పడిందో చెప్పేవాళ్ళే కావాలి. నువ్వు చూసి పెడతావా?" అని అడిగాడు.

చూసి పెడతానన్నాను.

డేల్ మోటారు బండిలో ముందు ముందు పోతున్నాడు. నేను ముసలాయనతో నడిచాను. ఆయన చిన్న చక్రాల బండి మీద కర్రలు పెట్టుకుని లాక్కుంటూ వస్తాడు. ఆరు గుంటలు అయ్యాయి. ఎడమకి పోయింది అంటే ఎడమకి వచ్చేవాడు, పొడుగు గడ్డిలో పడింది అంటే గొణుక్కుంటూ గడ్డిలోకి దిగేవాడు. ఒక్కసారీ 'నిజమేనా' అనలేదు. "మా ఆవిడ కూడా నాకు ఇంత నిజం చెప్పేది కాదు," అని నవ్వాడు.

ఏడోది పొట్టి గుంట. లోయ మీదుగా అవతలికి కొట్టాలి. గుంట చుట్టూ నున్నగా కోసిన పచ్చిక, గ్రీన్, ఒక గుట్ట వెనక దాగి ఉంటుంది, జెండా పై సగమే కనిపిస్తుంది. నా బంతి పొదల్లోకి పోయింది, ఎప్పటిలాగే. డేల్ బంతి ఎడమగా పోయి, జెండాని బాగా దాటి దిగింది. ముసలాయన బంతి కుడి నుంచి లేచింది. గాలి దాన్ని లోపలికి తెచ్చింది. గుట్ట నెత్తిన పడి, ఒక్క గెంతు గెంతి, జెండా వైపు మాయమైంది. అదే మాట చెప్పాను. బాగుంది అన్నాడు.

డేల్ బండిలో చుట్టుదారిన వెళ్ళాడు. మేం గుట్ట ఎక్కాం. ఎత్తు కదా, ఆయన ఆగి ఆగి వస్తున్నాడు. నేను ముందు పైకి చేరాను.

డేల్ గుంట దగ్గర వంగి ఉన్నాడు. గుంటలోంచి పసుపుపచ్చ బంతి తీశాడు. అటూ ఇటూ చూశాడు, గుట్ట వైపు చూడలేదు. జేబులోంచి తెల్ల బంతి తీసి గుంటలో పెట్టాడు. పసుపు బంతిని గ్రీన్ వెనక గడ్డిలోకి కాలితో నెట్టాడు. తర్వాత చేతులు రెండూ ఎత్తి అరిచాడు.

రాసేశాను. ఇంతే. ఇందులో నాకు తోచింది ఏమీ లేదు, చూసిందే ఉంది.

"ఏమంటున్నాడు మీ ఆయన?" అన్నాడు అలెక్, ఆయాసపడుతూ వచ్చి నా పక్కన నిలబడి.

"బంతి గుంటలో పడిందట," అన్నాను.

పడిందట అన్నాను. పడింది అనలేదు. రాత్రంతా ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడాను.

ముసలాయన టోపీ తీసి, గ్రీన్ మీదికి వెళ్ళి, డేల్ చెయ్యి వెతికి పట్టుకున్నాడు. చప్పట్లు కూడా కొట్టాడు, ఒక్కడే. యాభై ఏళ్ళు ఆడినా తనకి పడలేదట, తన ఎదుట ఎవరికీ పడలేదట, ఇవాళ పడింది కాబట్టి ఇక చాలునట. డేల్ ఆయన వీపు తట్టాడు. తట్టిన చెయ్యి అదే.

ఆట అయ్యాక క్లబ్బు గదిలో, బోర్డు మీద పేరు రాయడానికి సాక్షి ఎవరని అడిగారు. "నోరీన్ చూసింది. ఈయనకి ఎలాగూ కనపడదు కదా," అన్నాడు డేల్, ఆయన ఎదుటే. ముసలాయనే ముందు నవ్వాడు. నేను సంతకం పెట్టాను. హోల్-ఇన్-వన్ పడ్డవాడు అక్కడున్న అందరికీ తాగించడం ఆచారం, డేల్ తాగించాడు. ముసలాయన కాసేపు ఆగమని కారు దగ్గరికి వెళ్ళి ఒక విస్కీ సీసా తెచ్చాడు. తనకి పడిన రోజు తాగాలని ఏళ్ళ తరబడి కారు డిక్కీలో దాచుకున్నాడట. ఇక ఈ కళ్ళకి ఆ రోజు రాదు, నువ్వు తాగు అని డేల్ చేతిలో పెట్టాడు.

డేల్ తీసుకున్నాడు. పైగా సీసా మీద ఏ సంవత్సరమో చూశాడు.

సెప్టెంబరు 10, సాయంత్రం

కొండ మీద పొగమంచు దిగి ఉంది నిన్న. దూరం కూడా ఎక్కువే. నేను సరిగా చూడలేదేమో.

సెప్టెంబరు 11, గురువారం

పొగమంచు లేదు. మొన్న మంగళవారం ఎండ కాసింది. నా చేతుల మీద ఎండకి కమిలిన చారలు ఇంకా ఉన్నాయి.

ఇవాళ చర్చి హాల్లో ఊరివాళ్ళు పెట్టిన రొయ్యల భోజనానికి వెళ్ళాం. పొడుగు బల్లలు, కాగితపు పళ్ళాలు, ముక్కూ మొహం తెలియని పన్నెండుమంది. డేల్ కొండిలున్న ఎర్రటి పెద్ద సముద్రపు రొయ్యని విరుస్తూ కథ మొదలుపెట్టాడు. వెన్న గడ్డం మీదుగా కారుతోంది. దాని లోపలి పచ్చటి గుజ్జు వేలితో తీసి నాకాడు. గాలి ఎటు వీచింది, తను ఏ కర్ర ఎంచుకున్నాడు, ఎందుకు ఎంచుకున్నాడు, అన్నీ చెప్పాడు. గోరంతని కొండంత చేయడం విన్నాను గానీ, గోరే లేని కొండ ఇది.

ఇవాళ కథలో కొత్త మలుపు వచ్చింది. ముసలాయన బంతి తన బంతిని గుంటలోంచి తన్నేసేదేనట, వెంట్రుకవాసిలో తప్పిందట. "ఆ గుడ్డాయనతో ఆడుతుంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి," అన్నాడు. బల్లంతా నవ్వింది.

పక్కనున్న ఆవిడ నన్ను అడిగింది, మీరు కళ్ళారా చూశారా అని.

"చూశాను," అన్నాను.

ఇది అబద్ధం కాదు. ఇది అబద్ధం కాదు అని రాసుకోవాల్సి వచ్చినప్పుడే సగం తెలిసిపోతుంది. రొయ్య మొత్తం వదిలేశాను. డేల్ నా పళ్ళెం తన ముందుకి లాక్కుని అది కూడా తిన్నాడు.

సెప్టెంబరు 12, శుక్రవారం

అడిగేశాను.

కొండ మీద దుప్పి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. అటు కార్లు, ఇటు కార్లు, అందరూ ఫోటోలు. డేల్ బ్రేకు వేసి గింజలు నములుతున్నాడు. దిగి పారిపోవడానికి ఎక్కడా చోటు లేదు, ఇద్దరికీ. పసుపు బంతి గుంటలోంచి తియ్యడం నేను చూశానని చెప్పాను.

చాలాసేపు నమిలాడు. కాదంటాడనుకున్నాను. కాదన్నా బాగుండేది, నమ్మడానికి ఒక సాకు దొరికేది.

"చూస్తే అక్కడే అనాల్సింది," అన్నాడు.

"నేను అనాలా?"

"సంతకం పెట్టింది నువ్వు. నేనేమైనా చెయ్యి పట్టుకుని పెట్టించానా?" తర్వాత మెత్తబడ్డాడు, అది ఇంకా రోత. "ఆలోచించు నోరీన్. ఆయనకి ఏం పోయింది? ఆయనకి తెలియదు. తెలియనిది పోయినట్టు కాదు. ఆయన సంతోషంగా ఇంటికి వెళ్ళాడు, నేను సంతోషంగా ఉన్నాను. ఇప్పుడు నువ్వు కూడా కొంచెం ప్రయత్నిస్తే ముగ్గురం సంతోషంగా ఉంటాం."

పిల్లి తన కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి పాలవాడి కళ్ళు మూసుకుపోయాయని తాగింది.

దుప్పి కదిలింది. డేల్ ఎదురు కారులోని వాళ్ళకి చెయ్యి ఊపి, ముందు మీరు పదండి అని దారి ఇచ్చాడు. మర్యాదస్తుడు. ఎవరైనా చూస్తుంటే ఎంత మర్యాదస్తుడో.

సెప్టెంబరు 13, శనివారం

షెటికాంప్ దగ్గర సముద్రపు ఒడ్డున క్యాంపు. మధ్యాహ్నం పక్క ట్రైలర్‌వాళ్ళని పిలిచి ఆ సీసా తెరిచాడు.

ప్లాస్టిక్ గ్లాసుల్లో పోశాడు. ఐసు వేశాడు. అంతటితో ఆగక కోకాకోలా కలిపాడు. పక్క ట్రైలరాయన కూడా వద్దన్నాడు, ఇంత పాత సరుకులో అది కలపొద్దని. నాకూ ఒక గ్లాసు ఇచ్చాడు. నోటిదాకా తీసుకెళ్ళాను. వాసనకే నోట్లో నీళ్ళూరాయి, తాగాలని కాదు, కక్కడానికి. వెళ్ళి నెగడు బూడిదలో పారబోశాను. "మా ఆవిడకి మంచి మందు విలువ తెలియదు," అన్నాడు డేల్. అందరూ నవ్వారు.

బుధవారం ఒకటి రాయకుండా వదిలేశాను. డైరీలో కూడా వదిలేశాను, ఎవరు చదువుతారని.

డేల్ అరిచిన తర్వాత ఆట అక్కడితో అయిపోలేదు. ముసలాయన తన బంతి ఎక్కడుంది అన్నాడు. గ్రీన్ వెనక గడ్డిలో ఉంది అన్నాడు డేల్. ఆయన నా వైపు తిరిగాడు. డేల్ మాట మీద కదల్లేదు, నా కోసం ఆగాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఆ గడ్డి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒక దెబ్బ కొట్టి బంతిని గ్రీన్ మీదికి తెచ్చాడు. గుంట ఎక్కడుందో కనపడదు కాబట్టి ఎవరైనా గుంట దగ్గర నిలబడి జెండా కర్రతో తడుతూ ఉండాలి, ఆ చప్పుడుని బట్టి కొడతాడు. పొద్దుటినుంచి నేనే తడుతున్నాను. అప్పుడూ నేనే తట్టాను. టక్ టక్ టక్. అంతకుముందే ఆయన బంతి పడిన గుంట దగ్గర నిలబడి, ఇదిగో ఇక్కడ, ఇక్కడికి కొట్టండి అని తట్టాను. మొదటిది తప్పింది. "కొంచెం ఎడమకి," అన్నాను. రెండోది పడింది.

"నాలుగు దెబ్బలు," అన్నాడు. "చెడ్డదేం కాదు."

"బాగా ఆడారు," అన్నాను.

డేల్ గడ్డం మీది వెన్న, గింజల ఉమ్మి, ఇవన్నీ రాస్తూ వచ్చాను వారం నుంచి. ఛీ.

సెప్టెంబరు 14, ఆదివారం

ముసలాయనకి రేపు చెబుతాను. రేపు కాకపోతే ఇంటికి వెళ్ళాక ఉత్తరం రాస్తాను. ఆయన చదవలేడు. ఎవరిచేతనైనా చదివించుకుంటాడు.

సెప్టెంబరు 15, సోమవారం

కోర్సువాళ్ళు ఫోన్ చేశారు. బోర్డు మీద పేరు ఎలా రాయాలో అడిగారు. డేల్ ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు, మధ్య పేరుతో సహా. ముప్పై ఐదేళ్ళలో ఆ మధ్య పేరు పెళ్ళిరోజు ఫాదర్ నోట ఒక్కసారి విన్నాను.

తర్వాత మంచం మీద వాలి నోరు తెరుచుకుని పడుకున్నాడు. పళ్ళ సందుల్లో గింజ తొక్క ఇరుక్కుని ఉంది. ఈ నోటిని ముద్దు పెట్టుకున్నాను నేను, ఇన్నేళ్ళు. ఆ మాట అనుకోగానే వెళ్ళి పళ్ళు తోముకున్నాను.

తోముకుంటూ అద్దంలో చూసుకుంటే తెలిసింది. నేను అతని నోరే చూస్తున్నాను వారం రోజులుగా, నా నోరు మూసుకుని. తేలు కుట్టిన దొంగలాగా అతను కదా ఉండాలి. హాయిగా గురక పెడుతున్నాడు. కుక్కిన పేనులా పడి ఉన్నది నేను. దొంగతనం అతను చేశాడు, కానీ ముసలాయన నమ్మింది అతన్ని కాదు.

రేపు మంగళవారం. ఆయన ఆడే రోజు.

సెప్టెంబరు 16, మంగళవారం

సముద్రపు ఒడ్డున రోడ్డు పక్క బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఫోన్ మోగుతోంది. డేలే. ఎత్తలేదు.

తెల్లారగానే ట్రైలర్ కొక్కెం విప్పి, ట్రక్కు తీసుకుని వచ్చేశాను. డేల్ చొక్కా లేకుండా బయటికొచ్చి, ఎక్కడికి అన్నాడు. చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత తలుపు పట్టుకుని, గురువారం జట్టుకి ఏం మొహం చూపించమంటావు అని అడిగాడు. ముసలాయనకి ఏం చెబుతావని అడగలేదు. మొహం గురించే అడిగాడు. గింజల గ్లాసు కిందపెట్టి బండి కదిలించాను. కొండలన్నీ నేనే నడిపాను. బ్రేకులు కాలలేదు.

ముందు కోర్సువాళ్ళ క్లబ్బు గదిలోకి వెళ్ళాను. నేను పెట్టిన సంతకం తప్పు, నా భర్త బంతి గుంటలో పడలేదు, పడింది రాంకిన్ గారి బంతి అన్నాను. కౌంటరు దగ్గరి అతను నా సంతకం ఉన్న కాగితం వెతికి తీశాడు. మీ ఆయన పేరు తీసేస్తాం అన్నాడు. ఇంకొకరి పేరు రాయాలంటే ఆ ఇంకొకరు వచ్చి అవునని చెప్పాలి, అది ఆయన్నే అడగండి అన్నాడు. అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. దారంతా ఊహించుకున్నాను కూడా, ఆయన మొహం ఎలా వెలిగిపోతుందో. రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ ఊహించుకున్నాను.

అలెక్ మొదటి గుంట దగ్గర ఉన్నాడు. హాలిఫాక్స్ నుంచి వచ్చిన కుర్ర జంటని ఆయనకి జత చేశారు. వాళ్ళు కొంచెం దూరంలో ఫోటోలు తీసుకుంటున్నారు. నా గొంతు వినగానే గుర్తుపట్టాడు. "పోయిన వారం అమ్మాయి," అని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకునే చెప్పాను. గుట్ట మీంచి చూసింది చూసినట్టు చెప్పాను. పసుపు బంతి, తెల్ల బంతి, కాలితో నెట్టడం. మధ్యలో ఎక్కడో ఆయన చెయ్యి నా చేతిలోంచి వెళ్ళిపోయింది.

ఆయన కోప్పడలేదు. తల పక్కకి వంచి, నా చెవి వైపు కాబోలు, చూశాడు.

"తర్వాత నేను మూడు దెబ్బలు కొట్టాను," అన్నాడు.

"అవును. గడ్డిలోంచి ఒకటి, గ్రీన్ మీద…"

"గ్రీన్ మీద రెండు. మొత్తం మూడు. గుంట దగ్గర తట్టింది ఎవరు?"

"నేనే."

"ఊఁ," అన్నాడు. "ఆటలో దొంగలు ఎప్పుడూ ఉన్నారు అమ్మాయ్. మా పడవల్లో కూడా ఉండేవాళ్ళు, పక్కవాడి బుట్టలు ఎత్తి రొయ్యలు తీసుకునేవాళ్ళు. మీ ఆయన సంగతి నాకు అక్కర్లేదు. నా బంతి చూసి పెట్టమని ఆయన్ని అడగలేదు నేను."

నేను గబగబా చెప్పేశాను. లోపల మాట్లాడి వచ్చానని, డేల్ పేరు తీసేస్తున్నారని, మీరు ఒక్క మాట అంటే మీ పేరు ఎక్కుతుందని, మీకు పడిందని, యాభై ఏళ్ళకి మీకు నిజంగా పడిందని.

"పడటం నువ్వు చూశావా?"

"పడటం చూడలేదు. గుట్ట అడ్డం. గుంటలోంచి తియ్యడం చూశాను."

"మీ ఆయన ఒప్పుకుంటాడా?"

ఒప్పుకోడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"అంటే నీ మాటే," అన్నాడు.

"నా మాటే."

ఆయన బండి మీంచి కర్ర తీశాడు. దాని పట్టు మీద బొటనవేళ్ళు సర్దుకుంటూ, మామూలు గొంతుతో, నా మీద ఏ పగా లేనట్టే అన్నాడు: "నీ మాట మీద ఒకసారి చప్పట్లు కొట్టాను కదమ్మాయ్. మళ్ళీ కొట్టమంటావా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. కుర్ర జంటని పిలిచాడు. నా కళ్ళు బాగాలేవు, బంతి ఎటు పోతుందో కాస్త చూసి పెట్టమని ఆ అమ్మాయిని అడిగాడు. ఆ అమ్మాయి సరేనంది, ఫోన్ చేతిలోనే ఉంది.

ఆయన కొట్టాడు. చక్కటి దెబ్బ. బంతి తిన్నగా లేచి, సముద్రం మీద ఒక్క క్షణం పసుపుపచ్చగా మెరిసి, పచ్చిక దారి నడిమధ్యన దిగి ముందుకి దొర్లింది. నేను దాని మీంచి కన్ను తియ్యలేదు. ఆగేదాకా చూశాను.

"ఎటు?" అన్నాడు.

ఆ అమ్మాయి తడబడింది. "ఎడమ వైపు అనుకుంటానండీ. చెట్ల దగ్గర."

"మధ్యలో ఉంది," అన్నాను నేను. వినిపించేంత గట్టిగానే అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పి, బండి లాక్కుంటూ ఎడమ వైపు చెట్ల దగ్గరికి నడిచాడు.